‘నక్కో’ అనలేని సాక్షి

“ఇంకోసారి వెయ్యి,” అన్నాను.

పూజిత విసుక్కోకుండా ఫోన్‌లో వీడియోను మళ్లీ మొదటికి తెచ్చింది. నా క్లయింట్ ప్రమీల తరఫు వకీలుకు పోలీసులు ఇచ్చిన కాపీ అది. ప్రశ్నలు అడుగుతున్న గొంతు సర్కిల్ ఇన్‌స్పెక్టర్ దేవరాజుది. మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చున్న మనిషి సుభాన్. ఆళ్లగడ్డలో బోరు మోటార్లకు వైండింగ్ చేసే షాపు ఆయనది. పోయిన ఏడాది చివర్లో పక్షవాతం వచ్చి కుడి చేయి, కుడి కాలు, మాట మూడూ ఒకేసారి పోయాయి. కాలు కొంత తిరిగి వచ్చింది. మాట రాలేదు.

“సుభాన్ భాయ్, నీ పెండ్లాన్ని సంపిందెవురు?”

సుభాన్ నోరు ఒక పక్కకు లాగింది. మెడ నరాలు పొంగేదాకా పెనుగులాడి ఏదో అన్నాడు. విన్నవాళ్లెవరికైనా అది “అప్పా” అనే వినిపిస్తుంది.

కెమెరాలో కనబడని చోటి నుంచి ఒక ముసలి ఆడగొంతు అందుకుంది. “మద్దిలేటప్పను అంటాండాడు సారూ.”

“మద్దిలేటేనా?”

“హౌ,” అన్నాడు సుభాన్.

“రాడ్డు రిపేరు చేసిచ్చింది వాడేనా?”

“హౌ.”

“కావాలనే చేసినాడా?”

“హౌ.”

వీడియో అంతే. మా సీమలో ముస్లింల ఇళ్లల్లో మాట్లాడే ఉర్దూలో అవునంటే హౌ, వద్దంటే నక్కో. ఆ మూడు హౌల మీద మద్దిలేటి హత్య కేసులో జైలుకు వెళ్లాడు. మీసాలు మొలవక ముందు నుంచీ సుభాన్ షాపులోనే పని చేస్తున్నవాడు. అతని భార్యే ప్రమీల.

దేవరాజు అల్లిన కథ వినడానికి బాగానే ఉంటుంది. సుభాన్ భార్య తస్లీమ్ స్నానాల గదిలో, వేడినీళ్ల రాడ్డు వేసిన బకెట్లో చేయి పెట్టి షాక్ కొట్టి చనిపోయింది. ఆ రాడ్డును ముందురోజే మద్దిలేటి బాగుచేసి ఇచ్చాడు. అదే వారం, షాపుతో సహా ఇల్లు అమ్మేస్తానని తస్లీమ్ అన్నందుకు నడివీధిలో ఆమెతో గొడవపడ్డాడు. మొదట పోలీసులు ప్రమాదమనే రాసుకున్నారు. తస్లీమ్ పుట్టింటివాళ్లు ఒప్పుకోక స్టేషన్ ముందు కూర్చున్నారు. వాళ్లను లేపడానికి దేవరాజు ఈ వీడియో తీశాడు. రేపు మేజిస్ట్రేట్ సుభాన్ ఇంటికే వచ్చి వాంగ్మూలం తీసుకుంటారు. ఈ హౌలు కోర్టు కాగితాల మీదికి ఎక్కితే మద్దిలేటి గతి అంతే.

నేను పోలీసు ఉద్యోగం వదిలేసి నంద్యాలలో ‘గీతాంజలి డిటెక్టివ్ ఏజెన్సీ’ అని బోర్డు పెట్టుకున్నాను. బోర్డు పెద్దదే. చేసే పని మాత్రం పెళ్లికొడుకులు తాగుతారా, పేకాడతారా అని కనుక్కుని చెప్పడం. ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చిన కేసు నా దాకా రావడం ఇదే మొదటిసారి. అందులో దేవరాజు ఉన్నాడని తెలిశాక వదిలే ప్రశ్నే లేదు.

“ఈయనకు మనం అడిగేది అర్థమవుతుందా?” అని పూజితను అడిగాను.

పూజిత ప్యాపిలి అమ్మాయి. నంద్యాలలో రెండు గదులు అద్దెకు తీసుకుని, పక్షవాతంతో మాట పోయినవాళ్లకు మళ్లీ మాట నేర్పుతుంది. సుభాన్‌కు నేర్పింది ఈమే.

“బాగా అర్థమవుతుంది మేడమ్. లోపల మాటలన్నీ ఉన్నాయి. బయటికి రావడమే రాదు. ఏది అడిగినా ముందుగా తోసుకొని వచ్చేది ఒకటే, హౌ.”

“అంటే ఈ హౌకు విలువ లేదా?”

“మీరే చూడండి.”

తన ఫోన్‌లో పాత వీడియో తీసింది. మేమిప్పుడు ఉన్న పూజిత గదే, ఇదే కుర్చీ. సుభాన్ చేతిలో దువ్వెన ఉంది. “ఇది చెంచానా?” అని పూజిత అడిగింది. “హౌ.” అన్న మరుక్షణమే సుభాన్ కళ్లు మూసుకుని తల అడ్డంగా ఆడించాడు. తను అన్నది తప్పని ఆయనకు తెలుసు. “మీ పేరు నాగేశ్వరరావా?” “హౌ.” మళ్లీ తల ఆడించాడు, ఈసారి కోపంగా. వెనక నిలబడిన తస్లీమ్ నవ్వుతూనే కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

“నక్కో అను జీ. పెండ్లయినకాడ్నుంచి నేనేమడిగినా నక్కో నక్కో అనే మనిషివి. ఇప్పుడేమొచ్చె నీకు?”

నాకు ఆ నవ్వు చూడబుద్ధి కాలేదు. చచ్చిపోయిన మనిషి నవ్వు చూడటం నా వల్ల కాదు.

“అవును, కాదు అనే రెండింటి మీద పని మొదలుపెట్టే వారమే ఆమె పోయింది,” అంది పూజిత. “తర్వాత ఆయన్ను మళ్లీ ఈడికి తీసుకురాలేదు. నేనే ఇంటికొస్తానని ఫోన్ చేసినా. బీబీగారు వద్దన్నారు. ఇంకేం మాటలొస్తాయి, ఊరికే అలుపు అన్నారు.”

బీబీ సుభాన్‌కు అక్క. భర్త పోయాక తమ్ముడి పంచనే ఉంటోంది. వీడియోలో పక్క నుంచి అర్థం చెప్పిన గొంతు ఆమెదే.

పూజిత మాట్లాడుతూనే పోలీసు వీడియోను మళ్లీ నడిపింది. నడిపి, ఆపి, ఫోన్‌ను కళ్లకు దగ్గరగా పెట్టుకుంది.

“మేడమ్, ఆయన ఎడమ చేయి చూడండి.”

దేవరాజు కెమెరాను సుభాన్ మొహం మీదే పెట్టి తీశాడు గానీ, కింది మూలలో దుప్పటి మీద ఎడమ అరచేయి కనబడుతోంది. అది కదులుతోంది.

“మా పద్ధతి ఇది. మాట రానప్పుడు చేత్తో తాళం వేస్తూ లాగాలి. పొట్టి అక్షరానికి వేలితో తట్టాలి. దీర్ఘానికి అరచేతిని తొడ మీద జరపాలి. ఒత్తొస్తే పిడికిలితో గుద్దాలి. నోరు తప్పినా చేయి తప్పదు ఆయనకు. అప్పా అనాలంటే ఒక తట్టు, ఒక గుద్దు, ఒక జరుపు రావాలి. ఇక్కడ రెండు జరుపులే ఉన్నాయి. పిడికిలి పట్టనే లేదు.”

“అంటే?”

“ఒత్తు లేదు. రెండూ దీర్ఘాలే. ఆ... పా. ఆ మాట నేను నేర్పింది కాదు మేడమ్. దానికి అర్థం కూడా నాకు తెలీదు.”

నాకు తెలుసు. నేను పెరిగిన వీధిలో సగం ఇళ్లు ముస్లింలవి. అక్కను పిలవాలంటే ఆపా అనేవాళ్లు. నీ పెళ్లాన్ని చంపిందెవరు అని అడిగితే సుభాన్ అక్క అన్నాడు. పక్కన నిలబడిన ఆ అక్కే దాన్ని అప్పాగా మార్చి పోలీసుల చేతిలో పెట్టింది. రేపు మేజిస్ట్రేట్ ముందు ఆయన మాటలకు అర్థం చెప్పబోయేది కూడా ఆమే.

“ఇల్లు ఎందుకు అమ్మాలనుకుంది తస్లీమ్?”

పూజిత తల దించుకుంది. “వారానికి రెండుసార్లు వస్తే చాలదు, రోజూ చేయించాలని నేనే చెప్పినా. ఆళ్లగడ్డ నుంచి రోజూ రావడం కష్టం కదా. ఇల్లు అమ్మి ఈడ చిన్న ఇల్లు అద్దెకు తీసుకుంటామన్నారు. బీబీగారిని ప్యాపిలిలో వాళ్ల చుట్టాల దగ్గర ఉంచుతామన్నారు.”

తమ్ముడికి మాట వస్తే అక్కకు ఇల్లు పోతుంది. తనను వదిలించుకోవాలనుకున్న మరదలు పోయింది, మాట నేర్పే మనిషి రావడం ఆగిపోయింది. కారణం కోసం ఇంకెక్కడా వెతకనక్కర్లేదని అనుకున్నాను. పూజితను కారెక్కించుకుని ఆళ్లగడ్డ దారి పట్టాను.

సుభాన్ ఇంటి ముందు పోలీసు జీపు ఉంది. దేవరాజు షాపు గడపలోనే ఎదురయ్యాడు. మేమిద్దరం ఒకేసారి ఉద్యోగంలో చేరినవాళ్లం. ఆ చనువుతోనే నోరు పారేసుకుంటాడు.

“ఏం గీతాంజలీ, ఈ పొద్దు పెండ్లికొడుకులెవురూ దొరకలేదా?”

“దొరికారు. నీలాంటివాడే ఒకడు. చూడకుండానే సంతకం పెట్టేస్తాడట.”

“సాక్షిని చెడగొట్టడానికి వచ్చినావని రాస్తా.”

“రాయి. ఈమె సుభాన్‌కు మాట నేర్పే థెరపిస్ట్. సాక్షి మాట ఎలా వింటారో నీకు చూపించడానికి వచ్చింది. రేపు ఇదే ముక్క వకీలు మేజిస్ట్రేట్ ముందు చెప్తే నీ పరువు పోతుంది. ఇప్పుడైతే నా ముందే పోతుంది.”

దేవరాజు పళ్లు కొరికి పక్కకు జరిగాడు. వాడికి పరువు మీద ఉన్న భయం నిజం మీద లేదు.

ముందు షాపు. షాపుకూ ఇంటికీ మధ్య తలుపు, దానికి ఆకుపచ్చ పరదా. పనివాళ్లెవరూ ఆ పరదా దాటరని, మంచినీళ్లు కావాలన్నా బయట నిలబడి అడుగుతారని ప్రమీల చెప్పింది. పరదా దాటితే సన్నటి నడవ. నడవ గోడకు స్విచ్‌బోర్డు. అది దాటితే గది, అందులో సుభాన్ మంచం. గదికి ఆనుకుని స్నానాల గది.

“రాడ్డు స్విచ్ ఏది?” అన్నాను.

దేవరాజు నడవలో ఉన్న ఎర్ర స్విచ్ చూపించాడు. తడి చేతులు తగలకూడదని సుభానే దాన్ని స్నానాల గదిలో కాకుండా నడవలో పెట్టించాడట. జాగ్రత్తపరుడు. ఆ జాగ్రత్త ఏం చేసిందో చూస్తే నాకు ఒళ్లు మండింది.

“రాడ్డు పాడైందనే కదా నీ కేసు,” అన్నాను. “మోటార్లు చుట్టే మనిషితో ఇన్నేళ్లు కాపురం చేసిన ఆడది, ఆన్‌లో ఉన్న రాడ్డు బకెట్లో చేయి పెడుతుందా? ఆ పొద్దున కరెంటు పోయింది. స్విచ్ కూడా ఎవరో తీసేసి ఉండాలి. అందుకే ధైర్యంగా చేయి పెట్టింది. కరెంటు వచ్చింది. చేయి నీళ్లలో ఉండగా ఎవరో ఈ ఎర్ర స్విచ్ నొక్కారు. రాడ్డు కాదు దేవరాజూ, వేలు. నువ్వు ఆ వేలును వెతకాలి.”

“మద్దిలేటిదే ఆ వేలు.”

“కరెంటు రాగానే మద్దిలేటి షాపులో మోటారు టెస్టింగ్‌కు వేశాడు. మోటారు తెచ్చిన రైతులిద్దరూ అతని పక్కనే ఉన్నారు. నీ కాగితాల్లోనే ఉంది. పైగా అతను పరదా దాటడు.”

“పరదా ఏమన్నా గోడనా?” అన్నాడు గానీ గొంతులో మునుపటి బిగువు లేదు.

స్విచ్ దగ్గర నిలబడి చూశాను. గది తలుపులోంచి సుభాన్ మంచం కనబడుతోంది, ఆయన మొహం కనబడుతోంది. స్నానాల గది కనబడదు, గోడ అడ్డం. గదిలోకి వెళ్లి మంచం పక్కన వంగి చూశాను. అక్కడి నుంచి స్విచ్చూ కనబడుతుంది, బకెట్ పెట్టే చోటూ కనబడుతుంది. ఈ ఇంట్లో ఆ రెండూ చూడగలిగిన మనిషి ఒక్కడే. ఆ ఒక్కడికే నోరు లేదు.

సుభాన్ బాగా చిక్కిపోయాడు. పూజితను చూడగానే ఎడమ చేయి చాచాడు. ఆమె ఆ చేయి పట్టుకుని మంచం అంచున కూర్చుంది. తలవైపు బీబీ నిలబడి ఉంది, ముసుగు చెవుల వెనక్కి దోపుకుని. ఆ మొహంలో నాకు భయం కనబడలేదు, అలసట కనబడింది. నటన అనుకున్నాను.

“సుభాన్ భాయ్,” అన్నాను. “తస్లీమ్‌ను చంపింది ఈ సీఐ సారేనా?”

“హౌ,” అన్నాడు సుభాన్.

దేవరాజు ముఖం మాడిపోయింది.

“కావాలనే చంపాడా?”

“హౌ.”

“రాసుకో దేవరాజూ. నీ పద్ధతిలో నువ్వు కూడా ముద్దాయివే.”

“నాటకాలాపు. ఏం కావాల్ల నీకు?”

అప్పుడు వీడియో చూపించాను. చేయి చూపించాను. తట్టు, గుద్దు, జరుపు ఏమిటో పూజిత చేసి చూపింది. దేవరాజు మొదట నవ్వాడు. తర్వాత ఫోన్ లాక్కుని రెండుసార్లు చూశాడు. మూడోసారి చూస్తూ కళ్లెత్తి బీబీ వైపు చూశాడు.

“ఆపా అంటే అక్కే కదా?” అన్నాను. “చంపిందెవరంటే అక్క అన్నాడు.”

బీబీ కంగారు పడలేదు. స్టూలు మీది చెంబు తీసుకుని గ్లాసులోకి నీళ్లు వంచింది.

“నన్నేనమ్మా పిలిచింది. నీళ్లు కావాల్నన్నా ఆపా అంటాడు, బయటికి పోవాల్నన్నా ఆపా అంటాడు. రోజంతా అదే మాట. సారూ అడగతాంటే భయపడి నన్ను పిలిచినాడు. అప్పా అనుకుంటి నేను. చెవులు సరిగ్గా వినబడవు నాకు.”

ఒక్క గ్లాసు నీళ్లతో నా కేసు కొట్టుకుపోయింది. పిలుపుకూ నేరారోపణకూ మాట ఒకటే అయితే ఏ కోర్టూ దాన్ని నమ్మదు. దేవరాజు మీసాల చాటున నవ్వుతున్నాడు. మద్దిలేటి మీద అతని కేసు సగం చచ్చింది. బీబీ మీద నా కేసు పుట్టకముందే చచ్చింది. వాడికి అది చాలు.

నాకు మొండితనం ఎక్కువ. సుభాన్‌నే అడుగుతాను, జవాబు రాకపోయినా బీబీ మొహంలో ఏదో ఒకటి కదులుతుంది అనుకున్నాను.

“సుభాన్ భాయ్, తస్లీమ్ పడిపోయినప్పుడు మీరు కేకేశారా? ఎవరినైనా పిలిచారా?”

సుభాన్ పెదవులు వణికాయి. గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. ఎడమ చేయి పూజిత చేతిలోనే గిలగిలలాడింది.

ఇన్ని నెలలుగా బీబీకి ఒక అలవాటు పడిపోయింది. తమ్ముడు ఒక ముక్క అనబోతే మిగతాది తను చెప్పాలి. చెప్పకుండా ఉండలేదు. ఆయన పెనుగులాడుతుంటే చూడలేక ఆమె నోరు తనంతట తనే తెరుచుకుంది.

“దాని పేరు పిలవాల్నని చూసినాడమ్మా. త, త, త అని ఆడికే నిల్సిపాయ. తస్లీమ్ అనే మాట నోటికి రానే లేదు. మంచం కమ్మీని చేత్తో కొట్టుకుంటానే...”

ఆగిపోయింది.

నేను నోరు తెరిచేలోపే దేవరాజు మెల్లగా అన్నాడు. ఆ క్షణంలో మాత్రం వాడు పోలీసులాగా ఉన్నాడు.

“నువ్వు ఈడ లేవంటివి గదా బీబమ్మా. పక్కింట్లో బియ్యం చెరగతా ఉంటినంటివి. నువ్వొచ్చేతలికి ఇతను గోడ పక్కకు తిరిగి, ఉలుకూ పలుకూ లేకుండా పండుకొని ఉన్నాడని నాకు రాయించినావు. త త అనేది యాడ విన్నావు?”

బీబీ గ్లాసును స్టూలు మీద పెట్టి, మంచం కోడు పట్టుకుని నేల మీద కూలబడింది.

గెలిచానని అనిపించింది. దాచుకోవడమెందుకు, లోపల సంతోషం పొంగింది. మాట కోసం ఇల్లు అమ్ముతారని తెలిసి ఒక ముసలామె మరదలిని చంపింది. తమ్ముడికి మాట రాకుండా చేసి, ఒక అమాయకుణ్ణి జైలుకు పంపింది. నేను పట్టుకున్నాను.

“ఇల్లు పోతుందనే కదా నొక్కావు?” అన్నాను.

బీబీ నా వైపు చూడలేదు. ఎదురుగా గోడకు చెప్పుకుంటున్నట్టు మాట్లాడింది.

“ఇల్లు అమ్ముతానన్న దినం నుంచి దాంతో నేను మాట్లాడిందే లేదు. అదీ నాతో మాట్లాడలేదు. ఒకే పొయ్యి మీద వండుకుంటాంటిమి. ఉప్పు కావాల్నన్నా సుభాన్‌ను మధ్యలో పెట్టి అడుగుకుంటాంటిమి. మీ ఆపాను అడుగు అనేది అది. నీ పెండ్లానికి చెప్పు అనేదాన్ని నేను.”

“తర్వాత?”

“కరెంటు పోతే స్విచ్చు తీసేసింది నేనే. మళ్లా ఒక్కసారిగా వస్తే రాడ్డు కాలిపోతాదని. కరెంటొచ్చె. షాపులో మోటారు మోగతాంది. బకెట్లో నీళ్లు అట్లనే ఉన్నాయో, తీసేసిందో నాకు కనబడదు. దాన్ని అడగాల్నంటే నోరు రాలేదమ్మా. నేను మొదలు పలకరిస్తే ఓడిపోయినట్టు గదా. ఆడ నిలబడి వీన్నడిగినా. స్విచ్ డాలూఁ క్యా సుభాన్, అని అడిగినా.”

స్విచ్ వెయ్యనా అని.

అడగకపోతే బాగుండునని నాకు అనిపించింది. అయినా అడిగింది నేనే.

“ఏమన్నాడు?”

“హౌ అనె.”

మాట ఉన్న ఇద్దరు ఆడవాళ్లు పంతం కోసం నోళ్లు కట్టేసుకున్నారు. అడగాల్సిన ఒక్క ప్రశ్నను తీసుకెళ్లి, ఏది అడిగినా ఒకే జవాబు మిగిలిన మనిషి ముందు పెట్టారు. ఆయన కళ్ల ముందు పెళ్లాం చేయి నీళ్లలో ఉంది. వద్దు అనే మాట లోపల ఉంది. నేను హంతకురాలి కోసం ఇంతదూరం వచ్చాను.

“మరి ఎందుకు దాచావు? మద్దిలేటి ఏం చేశాడు నీకు?” నా గొంతు నాకే కటువుగా వినిపించింది.

“వాడు తల అడ్డంగా ఆడిచ్చేలోపలే నొక్కేస్తిని. ఏమని చెప్పేది? సుభాన్ వెయ్యమన్నాడని చెప్పేదా? అందరి ముందర?” అంది బీబీ. “మద్దిలేటికి నోరుంది. పెండ్లాముంది, వకీలుంది. వాడు ఎట్లన్నా బయటపడతాడు అనుకుంటి. పాపమే. నా పాపం కాదనను.” పూజిత వైపు చూసి, “ఈ పాప మాటలు నేర్పిస్తే మొదట ఏ మాట చెప్పుకొని ఏడుస్తాడో నాకు తెల్సు. అందుకే వద్దంటి,” అంది.

దేవరాజు టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. “ఇది నిజమని ఎట్ల నమ్మేది?” అని నన్ను అడిగాడు, పోట్లాటకు కాదు, నిజంగానే తెలియక. “ఆడ ఉన్నోళ్లు ముగ్గురు. ఒకామె లేదు. ఈమె మాట ఈమెది. ఇంకెవరున్నారు చెప్పడానికి?”

ముగ్గురం సుభాన్ వైపు తిరిగాం. ఏమడిగినా ఆయన ఏమంటాడో మాకు తెలుసు.

ఆయనకు అన్నీ అర్థమవుతాయని పూజిత ముందే చెప్పింది. మేము ఆ గదిలో మాట్లాడిన ప్రతి ముక్కా ఆయన విన్నాడు. పూజిత చేతిలోంచి ఎడమ చేతిని లాక్కున్నాడు. దాన్ని పైకెత్తి తన నోటి మీద కొట్టుకున్నాడు. అరచేత్తో కాదు, పిడికిలితో. పై పెదవి చిట్లింది. మళ్లీ కొట్టుకున్నాడు.

బీబీ నేల మీది నుంచి మోకాళ్ల మీద పాకుతూ వచ్చి ఆ మణికట్టును రెండు చేతులతో పట్టుకుంది.

“నక్కో సుభాన్,” అని ఏడ్చింది. “నక్కో రే.”

“హౌ,” అన్నాడు సుభాన్, చేయి విడిపించుకుని మళ్లీ కొట్టుకుంటూ. “హౌ, హౌ.”